చేయుటయు, చేయుమని అప్పగించుటయు

పని చేయుట ఒకటి, ఆ పనిని చేయుమని మరియొకరి చేతికి అప్పగించుట వేరొకటి. లోకవ్యవహారమున ఈ రెంటికిని గల భేదమును ఎరుగనివారు లేరు. అయినను వెబ్ పేజీలు వ్రాయుటకు కూర్చున్నంతనే ఆ భేదము మనస్సునుండి జారిపోవుటయు, అప్పగింపవలసిన చోట చేసివైచి, పేజీ ఏల ఇట్లు ప్రవర్తించుచున్నదో తెలియక పూటల కొలది తెరవంక చూచుచు కూర్చుండుటయు ఈ వృత్తిలో నిత్యానుభవములు. వెబ్ కాంపొనెంట్ టెంప్లేటులో ఒక బటనునకు ఫంక్షన్‌ను అప్పగించునపుడు దానితోపాటు కొన్ని ఆర్గ్యుమెంట్లను ముందుగానే కట్టి ఇచ్చుట ఎట్లో, కట్టవలసినవేవో, విడిచిపెట్టవలసినవేవో, ఎన్నడు ఫంక్షన్‌ను ఈయకుండుటయే మేలో ఈ అధ్యాయమున విచారింతము. విషయము చిన్నదే, కాని దీనిని ఒకసారి సాంతముగా ఆలోచించి ఉంచుకొన్నవారికి తరువాత పెక్కు సందేహములు పుట్టనే పుట్టవు.

ఉదాహరణమునకు ఒక గ్రంథాలయమువారి పుస్తకముల జాబితాను తీసికొందము. ఒక్కొక్క వరుసలో పుస్తకము పేరు, దాని ప్రక్కన ఆ పుస్తకమును తొలగించుటకు ఒక బటన్. జాబితాకు పైభాగమున వెతుకుటకు ఒక పెట్టె. దీనిని లిట్ అను లైబ్రరీతో వ్రాసితిమనుకొనుడు. 2013లో గూగుల్ సంస్థ లోకమునకు చూపిన పాలిమర్‌కు వారసురాలై, 2017లో లిట్-హెచ్‌టీఎంఎల్ అను పేరుతో వెలువడి, క్రమముగా స్థిరపడిన ఈ లైబ్రరీలో టెంప్లేటు వేరొక భాష కాదు; జావాస్క్రిప్టు వాక్యముల నడుమనే వెనుకకు వాలిన కొటేషన్ గుర్తులలో పేజీ స్వరూపమును వ్రాసి, మారుచుండు విలువలను డాలరు గుర్తుతో కూడిన మీసపు బ్రాకెట్లలో ఉంచుదుము. ఆ బ్రాకెట్లలో ఏమి వ్రాసినను జావాస్క్రిప్టు దానిని అప్పటికప్పుడు లెక్కించి విలువను తేల్చును. ఈ ఒక్క మాటను గుర్తుంచుకొన్నచో రానున్న చిక్కు చిక్కుగానే తోపదు. కాని గుర్తుంచుకొనువారు తక్కువ.

తొలగించుట అను పనికి మన ఫంక్షన్ పేరు తొలగించు అనియే ఉండనిండు. (జావాస్క్రిప్టులో ఫంక్షన్లకును చరరాశులకును తెలుగు లిపిలో పేర్లు పెట్టుకొనుటకు అభ్యంతరమేమియు లేదు, కాంపొనెంట్ టాగు పేరు మాత్రము ఇంగ్లీషు చిన్న అక్షరముతో మొదలై, నడుమ ఒక హైఫెన్ కలిగి ఉండవలెను. ఆఫీసులో ఎవ్వరును ఇట్లు వ్రాయరు గాని, నేర్చుకొనునపుడు ఈ స్వాతంత్ర్యమును వాడుకొనుటలో తప్పు లేదు.) ఏ పుస్తకమును తొలగింపవలెనో తెలియుటకు ఆ ఫంక్షనునకు పుస్తకపు సంఖ్య కావలెను. కనుక క్రొత్తగా పనిలో చేరిన కుర్రవాడు బటన్ క్లిక్‌కు ఎదురుగా, ఏ సంకోచమును లేక, ఇట్లు వ్రాయును:

తొలగించు(పుస్తకం.సంఖ్య)

వ్రాసి, కొంతసేపటికి ప్రక్క కుర్చీలోని పెద్దవానియొద్దకు వచ్చును.

“అన్నా, డిలీట్ బటన్ నొక్కితే ఏమీ కావట్లేదు. కానీ సెర్చ్‌లో ఒక్క అక్షరం కొట్టగానే లిస్టంతా మాయమైపోతోంది. కన్సోల్‌లో ఎర్రర్ కూడా ఏం లేదు.”

“బ్రాకెట్లు తీసేసి చూడరా.”

“తీసేశానన్నా. ఇప్పుడు నొక్కితే ఫంక్షన్ నడుస్తోంది, కానీ ఏ పుస్తకమో దానికి తెలియట్లేదు. నంబరు బదులు ఏదో ఈవెంట్ ఆబ్జెక్ట్ వచ్చి కూర్చుంటోంది.”

ఈ సంభాషణలో మన అధ్యాయపు సారమంతయు ఇమిడియున్నది. మొదట వ్రాసిన వాక్యములో ఫంక్షన్ పేరు తరువాత బ్రాకెట్లున్నవి గనుక, బటన్ ఎవ్వరును నొక్కకముందే, పేజీ గీయుచుండగనే, ఒక్కొక్క వరుసకు ఒక్కొక్కసారి చొప్పున ఆ ఫంక్షన్ నడిచిపోయినది; జాబితాలోని పుస్తకములన్నియు దత్తాంశమునుండి తొలగిపోయినవి. అయినను తెరమీద జాబితా చెక్కుచెదరక నిలిచియుండుటకు కారణమేమనగా, రెండర్ అను పద్ధతి లోపల ప్రాపర్టీని మార్చినచో ఆ మార్పునకై లిట్ మరల పేజీని గీయదు. పాత పట్టికను చూచి గీసిన బొమ్మయే మిగిలియుండును. వెతుకు పెట్టెలో ఒక అక్షరము పడగానే మరల గీయవలసి వచ్చును, అప్పుడు ఖాళీ పట్టిక బయటపడును. ఇక బటన్ సంగతి: ఆ ఫంక్షన్ తిరిగి ఇచ్చినదేమియు లేదు గనుక, బటనునకు దక్కినదియు ఏమియు లేదు. తొలగింపు సర్వరు దాకను పోవునట్టిదైనచో ఈ వినోదము వినోదముగా మిగిలియుండదని వేరుగా చెప్పనక్కరలేదు. బ్రాకెట్లను తీసివేసిన పిమ్మట ఫంక్షన్ సరియైన సమయముననే నడచినది గాని, బ్రౌజరు తన అలవాటు చొప్పున ఈవెంటును మాత్రమే దానికి అందించినది. పుస్తకపు సంఖ్యను బ్రౌజరు ఎరుగదు, ఎరుగవలసిన పనియు లేదు.

మన యిండ్లలో పెండ్లికి అచ్చువేయించు శుభలేఖను చూడుడు. వధూవరుల పేర్లు, ముహూర్తము, కల్యాణమండపము, ఆహ్వానించువారి పేర్లు ఇవియన్నియు అచ్చునకు పోకముందే నిశ్చయమైనవి గనుక అచ్చులోనే స్థిరపడును. పైభాగమున శ్రీమతి మరియు శ్రీ అని ముద్రించి విడిచిన గీత మాత్రము ఖాళీగా ఉండును, ఎవరి గుమ్మమున నిలుచున్నామో తెలిసిన తరువాతనే దానిని కలముతో పూరింతుము. లేఖ అచ్చయినంత మాత్రమున ఆహ్వానము జరిగినట్లు కాదు. అందరి పేర్లును తెలియువరకు అచ్చునకు ఈయకుండ ఆగవలసిన పనియు లేదు. కొన్ని స్థానములు పూరింపబడి, కొన్ని ఖాళీగా మిగిలి, చేతులు మారుటకు సిద్ధమైయున్న ఇట్టి పదార్థమే మనకు బటనునకు ఈయవలసినది. పుస్తకపు సంఖ్య మనకు ఇప్పుడే తెలియును, దానిని అచ్చువేయుదము. ఈవెంట్ నొక్కినప్పుడుగాని పుట్టదు, దాని స్థానమును ఖాళీగా విడుతము.

ఈ భావన కంప్యూటర్లకంటె ముందు పుట్టినది. పెక్కు ఆర్గ్యుమెంట్లు గల ఫంక్షనును ఒక్కొక్క ఆర్గ్యుమెంటునే స్వీకరించు ఫంక్షన్ల పరంపరగా మార్చవచ్చునని మోజెస్ షోన్‌ఫింకెల్ 1920లో గోటింగెన్‌లో ఉపన్యసించెను; ఆ ఉపన్యాసము 1924లో అచ్చయినది. తరువాత అమెరికా తర్కశాస్త్రజ్ఞుడు హాస్కెల్ కరీ దానిని విస్తరింపజేయుటచే అతని పేరు ఒక ప్రోగ్రామింగ్ భాషకే పెట్టబడినది. మనము టెంప్లేటులో చేయునది సరిగా ఆ పరంపర కాదు, కొన్ని ఆర్గ్యుమెంట్లను ఒక్కసారిగా కట్టివైచుట మాత్రమే. అయినను రెంటికిని మూలమైన ఊహ ఒకటియే. జావాస్క్రిప్టునకు ఈ సదుపాయము భాషలోనే బైండ్ అను పేరుతో 2009 డిసెంబరులో, ఎక్మాస్క్రిప్ట్ ఐదవ కూర్పుతో వచ్చినది. యారో ఫంక్షన్లు 2015 జూన్‌లో, ఆరవ కూర్పుతో వచ్చినవి. నేటి టెంప్లేట్లకు ఆధారమైన వెనుక-కొటేషన్ వ్రాతయు ఆ ఆరవ కూర్పులోనిదే.

కనుక మన కుర్రవాడు యారో ఫంక్షనుతో వ్రాయవలసినది ఇది:

() => తొలగించు(పుస్తకం.సంఖ్య)

ఇప్పుడు మీసపు బ్రాకెట్లలో తేలు విలువ తొలగింపు ఫలితము కాదు, తొలగింపగల ఒక క్రొత్త ఫంక్షన్. ఈవెంటుతోడను పని యున్నచో దానికి ఒక స్థానము విడిచిన చాలును:

(ఈవెంట్) => తొలగించు(పుస్తకం.సంఖ్య, ఈవెంట్)

బైండ్‌తో వ్రాసినను ఇదియే జరుగును అని సాధారణముగా చెప్పుదురు. ఆ మాట ముప్పాతిక సత్యము. మిగిలిన పాతిక భాగమే రాత్రింబవళ్లు మనుష్యులను వేధించుచున్నది గనుక అచట కొంత నిలిచి చూడవలెను. బైండ్ తనకు అందిన విలువను ఆ క్షణముననే పుచ్చుకొని తనయొద్ద భద్రపరచుకొనును. యారో ఫంక్షన్ విలువను పుచ్చుకొనదు, పేరును మాత్రము జ్ఞాపకముంచుకొని, బటన్ నొక్కిననాడు ఆ పేరుగలవాడు ఎవడో వానిని పోయి చూచును. వరుసలను మ్యాప్‌తో గీయునపుడు ప్రతి వరుసకును తనదైన పుస్తకం అను పేరు వేరుగా ఏర్పడును గనుక ఈ భేదము కంటబడదు. 2015కు పూర్వము ఫర్ లూపులో వార్ అను మాటతో లెక్కను ప్రకటించి, ఆ లెక్కను లోపలి ఫంక్షన్లలో వాడినవారందరికిని ఇది కంటబడినది: పది బటనులును ఒకే లెక్కను పంచుకొనుటచే, లూపు ముగిసిన పిమ్మట ఏది నొక్కినను అందరికిని పది అను సంఖ్యయే చిక్కెడిది, సున్నతో మొదలగు ఆ పట్టికలో పది అను సంఖ్య గల పుస్తకమే లేదు. లెట్ అను ప్రకటన వచ్చి ప్రతి తిరుగుడునకును క్రొత్త లెక్కను సృష్టించుటతో ఆ బాధ తీరినది.

కాని దాని చుట్టము ఇంకను బ్రతికియే యున్నది. “ఈ పుస్తకమును తొలగింతునా?” అని అడుగు చిన్న పెట్టెను తలపోయుడు. పెట్టెలోని అవును అను బటనునకు, అప్పటికి ఎంచుకొన్న పుస్తకమును తొలగింపుమని యారో ఫంక్షన్ ఇచ్చితిమి. ఆ ఎంచుకొన్న పుస్తకము కాంపొనెంటులోని ఒక ప్రాపర్టీ. పెట్టె తెరచియుండగనే వెనుకనుండి జాబితా సర్వరునుండి మరల వచ్చి, ఎంపిక మొదటి పుస్తకము మీదికి మారినదనుకొనుడు. వాడుకరి ఒక పుస్తకము పేరు చదివి అవును అనెను, తొలగినది వేరొకటి. ఇచట కావలసినది పేరు కాదు, విలువ. పెట్టె తెరచిన క్షణముననే సంఖ్యను ఒక కాన్‌స్ట్‌లో పట్టి, ఆ సంఖ్యనే కట్టి ఈయవలెను. తద్విరుద్ధముగా, వెతుకు పెట్టె ప్రక్కన ఒక బటన్ ఉన్నచో, దానిని నొక్కినపుడు ఆ వెతుకు పెట్టెలో అప్పటికి ఉన్న మాటయే కావలెను గాని, పేజీ గీసిననాటి మాట కాదు. అచట పేరును పట్టుకొనుటయే న్యాయము. కట్టుటకు ముందు, ఈ విలువ నేటిది కావలెనా నొక్కిననాటిది కావలెనా అని ఒకసారి తన్ను తాను ప్రశ్నించుకొనువాడు సగము తప్పులను వ్రాయకయే తప్పించుకొనును. వరుసకు గుర్తుగా జాబితాలోని స్థానమును కట్టుట కూడ ఇట్టి దోషమే: నాలుగవ పుస్తకము అనునది నొక్కు వేళకు మూడవది కావచ్చును, పుస్తకమునకు దాని స్వంత సంఖ్య మాత్రము మారదు.

ఆర్గ్యుమెంట్ల వరుసను గూర్చి ఒక మాట. బైండ్ కట్టినవి ఎల్లప్పుడును ముందు నిలుచును, పిలుపు వేళ వచ్చునవి వెనుక చేరును; మొదటి స్థానమును ఖాళీగా విడిచి రెండవదానిని కట్టుటకు దానితో వీలులేదు. ఆ కారణముచేత ఫంక్షనును నిర్మించునపుడే ముందు తెలియునవి ముందును, తరువాత తెలియునవి తరువాతను ఉంచుట మంచిది: సంఖ్య మొదట, ఈవెంట్ చివర. యారో ఫంక్షన్లు వాడువారికి ఈ నిర్బంధము లేకున్నను, ఈ క్రమమును పాటించిన ప్రోగ్రాము చదువుటకు సుకరముగా ఉండును, చదువరి ప్రతి చోటను ఏది ఎచట ఉన్నదో వెదకికొనవలసిన పని యుండదు.

ఇక దిస్ అను మాట. దీనిని గూర్చి గ్రంథములే వ్రాసినారు; మనకు కావలసినంతవరకే చూతము. లిట్ టెంప్లేటులో ఈవెంటునకు ఎదురుగా కాంపొనెంట్ పద్ధతిని నేరుగా ఇచ్చినచో, దిస్ ఆ కాంపొనెంటునే సూచించునట్లు లిట్ తానే ఏర్పాటు చేయును. ఈ దయ ఈవెంట్లకు మాత్రమే. పుస్తకపు వరుసను ప్రత్యేకమైన పిల్ల కాంపొనెంటుగా విడదీసి, తొలగించు పద్ధతిని దానికి ప్రాపర్టీగా అందించితిమనుకొనుడు. పిల్ల కాంపొనెంట్ ఆ ప్రాపర్టీని తన సొంత పద్ధతివలె చుక్క పెట్టి పిలిచినపుడు, జావాస్క్రిప్టు నియమము చొప్పున దిస్ పిల్లనే సూచించును. తల్లికి పుస్తకముల పట్టిక కలదు, పిల్లకు లేదు. తొలగించు పద్ధతి పిల్లలో పట్టికను వెదకి, లేని పట్టికనుండి ఫిల్టర్ అను పద్ధతిని చదువలేనని కన్సోల్‌లో ఎర్రనక్షరములతో మొరపెట్టును. ఇది అదృష్టవంతుని విషయము. పిల్లలోను అదే పేరుగల ప్రాపర్టీ ఉన్నచో ఎర్రరు రాదు, పిల్ల పట్టిక మారును, తల్లి పట్టిక మారదు, కారణము ఏ పంక్తిలోనున్నదో తెలిసికొనుటకు ఒక సాయంకాలము పోవును. పద్ధతిని క్లాసులోనే యారో ఫంక్షన్ రూపముగల ఫీల్డుగా వ్రాసికొన్నచో అది ఎచటికి పోయినను తల్లిని మరువదు. బైండ్‌తో మొదటి ఆర్గ్యుమెంటుగా దిస్‌ను ఇచ్చినను సరియే. కాని యారో ఫంక్షన్ మీద బైండ్ ప్రయోగించి దిస్‌ను మార్చగలనని తలచుట వ్యర్థము, అది ఆర్గ్యుమెంట్లను కట్టును గాని దిస్‌ను కదల్పలేదు.

టెంప్లేటులో యారో ఫంక్షన్ వ్రాయుట వేగమునకు భంగమని చెప్పు పెద్దలు కలరు. ప్రతిమారు పేజీ గీసినపుడు క్రొత్త ఫంక్షన్ పుట్టుట నిజమే. అయినను ఈవెంట్ల విషయమున లిట్ ఒక యుక్తి చేసినది: బ్రౌజరునకు మన ఫంక్షనును నేరుగా అందింపక, మారని ఒక వస్తువును అందించి, మన ఫంక్షనును ఆ వస్తువు లోపల మార్చుకొనుచుండును, కావున ప్రతిసారి పాత వినువానిని, అనగా లిజనరును, తీసి క్రొత్తవానిని చేర్చు శ్రమ బ్రౌజరునకు కలుగదు. ఈవెంట్ల కొరకు యారో ఫంక్షన్లను నిస్సంకోచముగా వ్రాయుడు. పిల్ల కాంపొనెంటునకు ప్రాపర్టీగా ఇచ్చునపుడు మాత్రము కథ వేరు. పాత విలువయు క్రొత్త విలువయు ఒకటియేనా అని లిట్ సరిచూచునపుడు, ఒకే అక్షరములతో వ్రాయబడిన రెండు ఫంక్షన్లు ఒకటి కావు. కనుక వెతుకు పెట్టెలో ఒక్కొక్క అక్షరము పడినప్పుడెల్ల, ఐదువందల వరుసలున్నచో ఐదువందల పిల్లలును తమకేదో మారినదని లేచి తమను తాము మరల లెక్కించుకొనును. తెర మీద ఏమియు మారదు; శ్రమ మాత్రము జరుగును. జాబితా చిన్నదైనచో దీనిని పట్టించుకొననక్కరలేదు, పట్టించుకొని ప్రతి ఫంక్షనును ఒక మ్యాప్‌లో దాచి చదువరిని తికమకపెట్టుట అంతకంటె చెడ్డపని. పెద్ద జాబితాలకు నాకు నచ్చిన మార్గము వేరు: తల్లి ఒకే ఒక మారని ఫంక్షనును అందరు పిల్లలకును ఇచ్చును, సంఖ్యను వేరొక ప్రాపర్టీగా ఇచ్చును, ఆ రెంటిని కలిపి కట్టు పనిని, తన సంఖ్యను ఎరిగిన పిల్లయే తన బటన్ దగ్గర చేసికొనును.

ఇదే న్యాయము పేజీ అంతటికిని, అనగా విండోకు, వినువానిని చేర్చునపుడు మరింత కఠినముగా వర్తించును. అచట లిట్ యుక్తి లేదు. కాంపొనెంట్ పేజీలోనికి వచ్చినపుడు బైండ్‌తో ఒక ఫంక్షన్ చేసి చేర్చి, పోవునపుడు మరల బైండ్‌తో వేరొక ఫంక్షన్ చేసి దానిని తీసివేయుమన్నచో, బ్రౌజరు తనకు ముఖపరిచయము లేని ఆ రెండవదానిని వెదకి, దొరకక, మౌనముగా ఊరకుండును. మొదటిది అచటనే మిగిలిపోవును. ఎర్రరు రాదు, పేజీలు మారుచున్నకొలది వినువారు పెరుగుచుందురు.

నేర్చుకొనువారు తరచుగా తొట్రుపడు మరియొక తావు యాట్రిబ్యూట్లకును ప్రాపర్టీలకును గల సరిహద్దు. హెచ్‌టీఎంఎల్‌లో యాట్రిబ్యూట్ అనునది అక్షరముల మూట. ఫంక్షన్ అందులో పట్టదు. లిట్‌లో పేరునకు ముందు ఒక చుక్క పెట్టిననే అది ప్రాపర్టీ యగును. చుక్క మరచినచో ఫంక్షన్ తన పూర్తి వ్రాతతో అక్షరములుగా మారి యాట్రిబ్యూటులో పరచుకొనును. బ్రౌజరు ఇన్‌స్పెక్టరులో ఆ మూలకమును తెరచి చూచినచో, టాగు నడుమ మీ ప్రోగ్రాము అంతయు వ్రాయబడియుండుట కనబడును. చుక్కయంత తప్పునకు ఇంత పొడవైన సాక్ష్యము మరెచ్చటను దొరకదు.

ఇంతవరకు ఫంక్షనును కట్టి ఇచ్చుటను గూర్చి చెప్పితిని. కట్టి ఇచ్చుటకు వీలే లేని టెంప్లేట్లు కలవు. పాత పాలిమర్‌లో క్లిక్‌కు ఎదురుగా పద్ధతి పేరును మాత్రమే వ్రాయవచ్చును, బ్రాకెట్లకు చోటులేదు. దానికి బదులుగా వరుసలను గీయు మూలకము ప్రతి ఈవెంటుతోపాటు మోడల్ అను వస్తువును జోడించి, అందులో ఆ వరుస దత్తాంశమును పెట్టి పంపెడిది. 2018 చివర సేల్స్‌ఫోర్స్ సంస్థ ప్రకటించిన లైట్నింగ్ వెబ్ కాంపొనెంట్లలోను ఇంతే: పద్ధతి పేరు చెప్పవచ్చును, దానిని ఆర్గ్యుమెంట్లతో పిలువరాదు. హైదరాబాదులో ఈ సేల్స్‌ఫోర్స్ విద్యను నమ్ముకొని జీవించు మనవారు అనేకులు గనుక వారి పద్ధతిని కొంచెము వివరింతును. వారు పుస్తకపు సంఖ్యను బటన్ మీదనే డేటా అను పదముతో మొదలగు యాట్రిబ్యూటుగా అంటించి, బటన్ నొక్కినపుడు ఈవెంటునుండి డేటాసెట్ ద్వారా దానిని చదువుకొందురు. ఉపాయము చక్కనిదే గాని మూడు చోట్ల కాలు జారును. యాట్రిబ్యూటులోనికి పోయిన 7 అను అంకె బయటికి వచ్చునప్పటికి 7 అను అక్షరముగా మారియుండును. మూడు సమాన చిహ్నములతో పోల్చినచో అంకెయు అక్షరమును ఎన్నడును సమానము కావు, కనుక ఏ పుస్తకమును తొలగదు. రెండవది, బటన్ లోపల చెత్తబుట్ట బొమ్మ యున్నచో వ్రేలు పడినది బొమ్మ మీద; టార్గెట్ అను ప్రాపర్టీ ఆ బొమ్మను చూపును, దాని మీద సంఖ్య లేదు. కరెంట్‌టార్గెట్ అను ప్రాపర్టీయే వినువాడు కూర్చున్న బటనును చూపును. మూడవదానిని చివర చెప్పెదను.

మీరు వ్రాయుచున్న కాంపొనెంటును ఇతరులు తమ పేజీలలో వాడుకొనవలసియున్నచో నా అభిప్రాయము స్పష్టము: ఫంక్షనును పుచ్చుకొనవద్దు, ఈవెంటును పంపుడు. పుస్తకపు వరుస తనలోని బటన్ నొక్కబడగనే, తొలగింపు కోరబడినదని ఒక కస్టమ్ ఈవెంటును పుట్టించి, దాని డీటెయిల్‌లో సంఖ్యను ఉంచి పైకి విడుచును. బబుల్స్, కంపోజ్డ్ అను రెండు సదుపాయములను ఒప్పుకొన్నచో ఆ ఈవెంట్ తల్లిదండ్రుల మెట్లెక్కుచు, షాడో డామ్ గోడలను దాటి బయటివారికి వినబడును. గోడ లోపల తల్లియే వినువాడైనపుడు కంపోజ్డ్ అవసరము లేదు, ఇంటి మాట వీధిలో పడనక్కరలేదు. ఈ ఏర్పాటులో దిస్ బాధ లేదు, క్రొత్త ఫంక్షన్ల బాధ లేదు, సాదా హెచ్‌టీఎంఎల్ వ్రాయువాడును ఏ లైబ్రరీ లేకయే ఆ ఈవెంటును వినవచ్చును. కాని ఒకటి గమనింపవలెను: ఈవెంట్ పంపినవానికి, వినువాడు దానిని రద్దు చేసెనో లేదో అనునది తప్ప, వేరు జవాబు రాదు. తొలగింపవచ్చునా అని అడిగి, వెంటనే తేలని జవాబునకై ఆగి ముందుకు సాగవలసిన చోట ఫంక్షనే తగినది. మీ సొంత పేజీలో మీ సొంత బటన్ కొరకు, తల్లియు పిల్లయు ఒకే ఫైలులో ఉన్నచోట, ఈ తతంగమంతయు పెట్టుకొనుట అతి; ఒక యారో ఫంక్షన్ చాలును.

ఇప్పుడు మీ యొద్దనున్న ఒక టెంప్లేటును తెరచి, అందులో క్లిక్‌కు ఎదురుగా వ్రాసిన ప్రతి పంక్తినొద్దను ఆగుడు. బ్రాకెట్లున్నచో అవి యారో గుర్తునకు కుడిప్రక్కన ఉన్నవో లేవో చూడుడు. కట్టిన విలువ స్థానసంఖ్య అయినచో దానిని వస్తువు సొంత సంఖ్యగా మార్చుడు. ఆపైన, సర్వరు జవాబునకై అవెయిట్ వ్రాసిన పద్ధతులను వేరుగా తీసి చూడుడు. నేను చివరకు విడిచిన మూడవ జారుడు అచటనే యున్నది. బ్రౌజరు ఈవెంటును అందరికిని వినిపించి ముగించిన తోడనే కరెంట్‌టార్గెట్ శూన్యమైపోవును, అవెయిట్ దాటిన పంక్తి ఆ తరువాతనే నడుచును. కావున డేటాసెట్‌ను అవెయిట్‌కు క్రింద చదువువారికి దక్కునది ఎర్రరు మాత్రమే. పద్ధతి మొదటి పంక్తిలోనే సంఖ్యను తీసి కాన్‌స్ట్‌లో ఉంచి, ఆ తరువాతనే సర్వరునకు వర్తమానము పంపవలెను. పట్టికను మాత్రము అట్లు ముందుగా పట్టి ఉంచుకొనరాదు, జవాబు వచ్చిన పిదప అప్పటికి ఉన్న పట్టికనుండియే ఆ సంఖ్యను తీసివేయవలెను. బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్కును కావలెనని నెమ్మదిపరచి, రెండు వేర్వేరు పుస్తకముల బటనులను వెంటవెంటనే నొక్కి చూడుడు: మొదటి జవాబు రాకముందే రెండవది నొక్కబడినను, నొక్కిన ఆ రెండు పుస్తకములే తొలగి, మిగిలినవి యథాతథముగా ఉండవలెను.